బీకామ్‌తో కంప్లయన్స్ ఉద్యోగంలో చేరవచ్చా?

ప్రశ్న: ఈ ఏడాది బీకామ్ కంప్యూటర్స్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లోని ఒక బహుళజాతి సంస్థ ‘ఎథిక్స్ అండ్ కంప్లయన్స్ అనలిస్ట్’ ఉద్యోగానికి పిలిచింది. ఇంటర్వ్యూ మూడు వారాల్లో ఉంది. అది ఫారాల్లో టిక్కులు పెట్టే పని, ఎదుగుదల ఉండదని నాన్నగారు అంటున్నారు. రెండేళ్ల అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ పెట్టుకుంటే జీతం పెరుగుతుందని స్నేహితులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కంప్లయన్స్ అంటే సంస్థ చట్టాలనూ తన సొంత నియమాలనూ పాటిస్తోందో లేదో చూసే పని. ముందుగా ఆ సర్టిఫికెట్ ఆలోచన పూర్తిగా మానుకోండి. చేరాక సంస్థ సాధారణంగా మీ పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ గుర్తింపు సంఖ్య) చరిత్ర, ఆదాయపన్ను శాఖ దగ్గర మీ పేరున ఉన్న టీడీఎస్ (జీతంలో కోసిన పన్ను) వివరాలు అడుగుతుంది. రెండేళ్లు పనిచేశానని చెప్పి, ఒక్క నెల కూడా పీఎఫ్ గానీ టీడీఎస్ గానీ కనబడకపోతే అక్కడే దొరికిపోతారు. డబ్బు తీసుకుని పీఎఫ్ కూడా కట్టించే కన్సల్టెన్సీలు ఉన్నాయి. కానీ నేపథ్య పరిశీలన చేసే ఏజెన్సీల దగ్గర అలాంటి డొల్ల కంపెనీల జాబితాలు ఉంటాయి. ఏడాది తర్వాత బయటపడినా ఉద్యోగం పోతుంది. పైగా మీరు చేరబోయేది ఇతరుల కాగితాలు నిజమో కాదో తేల్చే విభాగం. ఫ్రెషర్‌గా ఫ్రెషర్ జీతానికే చేరండి.

ఇక నాన్నగారి సందేహం. ఈ పని ఎంత విలువైనదో తెలియాలంటే మన పక్క రాష్ట్రంలో జరిగిన ఐటీ సంస్థ కాగ్నిజెంట్ వ్యవహారం చూడాలి. చెన్నై క్యాంపస్ నిర్మాణ అనుమతి కోసం 20 లక్షల డాలర్ల లంచాన్ని భవన కాంట్రాక్టరు ద్వారా ఇప్పించారని, ఆ మొత్తాన్ని అదనపు పనుల బిల్లుల్లో కలిపి చూపించారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఆరోపించింది. 2019 ఫిబ్రవరిలో కాగ్నిజెంట్ 2.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. విషయాన్ని తానే ముందుకొచ్చి వెల్లడించినందుకు అమెరికా న్యాయశాఖ కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆరోపణ ప్రకారం దాచిన చోటు ‘అదనపు పని’ బిల్లు. ఒక అనలిస్ట్ రోజూ చదివేది సరిగ్గా అలాంటి కాగితాలనే.

మన చట్టం కూడా మారింది. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక, సంస్థ తరఫున ఎవరైనా ప్రభుత్వోద్యోగికి లంచం ఇస్తే సంస్థ కూడా బాధ్యత వహించాలి. తప్పించుకోవాలంటే తగిన నివారణ ఏర్పాట్లు ముందే ఉన్నాయని రుజువు చేసుకోవాలి. ఆ రుజువు మీలాంటి వారు రాసి ఉంచిన ఫైలే. టిక్కు పెట్టి వదిలేసిన ఫైలు ఆ రోజు ఎందుకూ పనికిరాదు. ఎందుకు ఒప్పుకున్నారో, ఏం చూసి ఒప్పుకున్నారో రెండు వాక్యాలు రాసి ఉన్న ఫైలు నిలబడుతుంది.

మొదటి ఏడాది మీకు ఎక్కువగా వచ్చేది వెండర్ల (సంస్థకు సరుకులు, సేవలు అందించేవారి) పరిశీలన. కొత్త వెండరు వస్తే ప్రశ్నావళి నింపిస్తారు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్ల వివరాలు సరిచూస్తారు. అసలు యజమాని ఎవరో తేలుస్తారు. ఐక్యరాజ్యసమితి, అమెరికా ఆంక్షల జాబితాల్లో పేర్లు వెతుకుతారు. మన పేర్ల దగ్గర కొత్తవారు తడబడతారు. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరమే. సాఫ్ట్‌వేర్ చూపిన ప్రతి పోలికా నిజం కాదు, చూపలేదంటే మనిషి మంచివాడనీ కాదు. పుట్టిన తేదీ, దేశం, డైరెక్టర్ గుర్తింపు సంఖ్య కలిశాకే నిర్ణయం రాయాలి.

తర్వాత బిల్లులు. ‘లయజన్ ఛార్జీలు’ (ఆఫీసుల్లో పనులు చేయించినందుకు వేసే ఖర్చు), ‘ఇతర ఖర్చులు’ అని ఒక్క ముక్కతో పెద్ద మొత్తం ఉంటే ఆగాలి. ఆమోద పరిమితి 5 లక్షలైతే ఒకే వారంలో 4.9 లక్షల బిల్లులు మూడు రావడం, కాంట్రాక్టుకు రెండు నెలల ముందే పుట్టిన కంపెనీ, బిల్లు ఒకరి పేరున ఉండి ఖాతా ఇంకొకరిదవడం... ఇవన్నీ అడగాల్సిన చోట్లు. అడగడమంటే నింద వేయడం కాదు. పని జరిగినట్టు ఆధారం పంపమని మర్యాదగా, రాతపూర్వకంగా కోరడం.

బహుమతుల రిజిస్టరు చిన్న పనిలా కనిపిస్తుంది గానీ తగాదాలు అక్కడే ఎక్కువ. దీపావళి డ్రైఫ్రూట్స్ డబ్బాకు చాలా సంస్థల్లో ఒక పరిమితి ఉంటుంది. గిఫ్ట్ కార్డును నగదుతో సమానంగా చూస్తారు. ప్రభుత్వోద్యోగికి ఇచ్చేదైతే నియమం ఇంకా కఠినం. ఫార్మాలో చేరితే 2024 మార్చి నాటి మార్కెటింగ్ నియమావళి చదవాలి. డాక్టర్లకు వ్యక్తిగత బహుమతులు నిషిద్ధం, బ్రాండు గుర్తుచేసే వస్తువు 1,000 రూపాయలు దాటకూడదు.

ఫిర్యాదుల హాట్‌లైన్ దగ్గరికి మిమ్మల్ని కాస్త ఆలస్యంగా తీసుకుంటారు, తీసుకోవాలి కూడా. అక్కడ ఒక తొందరపాటు మనిషి బతుకునే దెబ్బతీస్తుంది. ఒక మేనేజరుపై ఫిర్యాదు రాగానే ‘నిజమేనా’ అని ఆ మేనేజరు బృందంలో ఎవరికో ఫోన్ చేయడం పెద్ద పొరపాటు. సాయంత్రానికి ఫిర్యాదుదారు ఎవరో అందరికీ తెలిసిపోతుంది, రాత్రికి మెయిళ్లు మాయమవుతాయి. ముందు ఐటీ విభాగం ద్వారా రికార్డులు భద్రపరచాలి, తర్వాత సాక్షులు, ఆరోపణ ఎదుర్కొంటున్నవారితో మాట్లాడేది సాధారణంగా చివర్లో. వారి మాట వినకుండా నివేదిక మాత్రం ముగించకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదును మీరు విచారించకూడదు, 2013 చట్టం ప్రకారం అది అంతర్గత కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు.

ఎదుగుదల గురించి నాన్నగారి భయం ఒకచోట నిజం. కంప్లయన్స్ పేరుతో ఉండే కొన్ని ఉద్యోగాల్లో రోజంతా కేవైసీ (ఖాతాదారు గుర్తింపు పరిశీలన) సాఫ్ట్‌వేర్ చూపే అలర్ట్‌లు మూయడమే పని, కొలిచేది ఎన్ని మూశారన్న సంఖ్యనే. అక్కడ ఏడాదిన్నర నేర్చుకోవచ్చు, ఐదేళ్లు ఉంటే ఇరుక్కుపోతారు. అందుకే ఇంటర్వ్యూ చివర్లో రెండు ప్రశ్నలు అడగండి: ఈ బృందం ఎవరికి రిపోర్ట్ చేస్తుంది? అనలిస్టులు దర్యాప్తులకూ శిక్షణకూ ఎప్పటినుంచి వెళ్తారు? బృందం చీఫ్ కంప్లయన్స్ ఆఫీసరుకో బోర్డు ఆడిట్ కమిటీకో జవాబుదారీ అయితే మంచి సూచన.

చదువు విషయంలో ఇప్పుడే సర్టిఫికెట్లకు డబ్బు పోయకండి. కంపెనీ సెక్రటరీ కోర్సుగానీ, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీగానీ దీర్ఘకాలంలో ఎక్కువ తలుపులు తెరుస్తాయి. లా దూరవిద్యలో కుదరదు, తరగతులకు వెళ్లాలి. మోసాల దర్యాప్తు ఇష్టమైతే సీఎఫ్ఈ, మనీలాండరింగ్ (అక్రమ ధనాన్ని సక్రమంగా చూపడం) నివారణ వైపైతే క్యామ్స్ అనే సర్టిఫికెట్లు ఉన్నాయి. కనీసం రెండేళ్లు పనిచేశాక వాటిలో ఒకటి ఎంచుకోండి. ఇప్పుడు కావలసింది అకౌంట్స్ పట్టు, ఎక్సెల్‌లో పివట్ టేబుల్, ఒక పేజీలో విషయం తేల్చి రాయగల ఇంగ్లిష్.

ఈ మూడు వారాల్లో ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని ప్రవర్తనా నియమావళి రెండుసార్లు చదవండి. దేశంలోని ఏదైనా పెద్ద లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) భాగం తెరిచి, మొదటి సూత్రం కింద అవినీతి, ప్రయోజనాల సంఘర్షణ ఫిర్యాదులను ఎలా చూపారో గమనించండి. ‘ఈ రోజే వెండరును ఆమోదించమని మేనేజరు ఒత్తిడి చేస్తే ఏం చేస్తారు’ అన్న ప్రశ్న రావచ్చు. ‘ఒప్పుకోను’ అని ఊరుకోకండి. ఏ కాగితం లేదో, దాన్ని ఎంతసేపట్లో తెప్పించగలరో, అది వచ్చేలోపు ఏ పని మొదలుపెట్టవచ్చో, ఏ చెల్లింపు ఆపాలో, ఎవరికి మెయిల్ రాస్తారో వరసగా చెప్పండి.