14 నెలల బాబుతో శాంటోరినీ... ఇంట్లో రోజూ ఇదే గొడవ

ప్రశ్న: మాది రాజమండ్రి. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాం. బాబుకి 14 నెలలు. పెళ్లయిన కొత్తలో వీసాలు, ఉద్యోగాల హడావుడిలో హనీమూన్‌కి వెళ్లలేదు. అందుకని మావారు ఈ ఆగస్టులో ఆరు రోజులకి గ్రీస్‌లోని శాంటోరినీ ద్వీపంలో, ఓయా అనే ఊళ్లో కొండ అంచున హోటల్ బుక్ చేశారు. నన్ను అడగలేదు, సర్‌ప్రైజ్ అన్నారు. బాబు రాత్రి రెండు మూడుసార్లు లేస్తాడు, ఇంకా నా పాలు తాగుతాడు. ఫొటోల్లో ఆ మెట్లు చూస్తేనే నాకు టెన్షన్. వద్దంటే "బాబు పుట్టాక నువ్వు మారిపోయావు" అంటున్నారు. మా అత్తయ్యగారు రోజూ వీడియో కాల్‌లో "పసివాణ్ణి సముద్రం మధ్యకి తీసుకెళ్తారా?" అని నన్నే అడుగుతారు, కొడుకుని అడగరు. వెళ్లినా తప్పు నాదే, మానినా తప్పు నాదే అన్నట్టుంది. ఏం చేయాలి?
- ఒక సోదరి

సమాధానం: అమ్మా, ముందు మీ భయం గురించి చెప్తాను. ఇంట్లో అందరూ దాన్ని పిరికితనం కింద తీసేస్తున్నట్టున్నారు. ఓయా విషయంలో మీ అంచనా సరైనదే. అగ్నిపర్వతం పేలి కుంగిపోయిన చోట మిగిలిన కొండ అంచు మీద కట్టిన ఊరది. అంచున ఉన్న గదులు చాలావరకు కొండని తొలిచి కట్టినవి. గదికి చేరాలన్నా, టిఫిన్‌కి వెళ్లాలన్నా మెట్లే. అక్కడ స్ట్రోలర్ ఎందుకూ పనికిరాదు. గోడలు చాలాచోట్ల పొట్టిగా ఉంటాయి, గది ముందే చిన్న నీళ్లతొట్టి లాంటి పూల్ ఉంటే దానికి కంచె ఉండదు. ఆగస్టులో ఎండ మండిపోతుంది, చెట్ల నీడ తక్కువ. సూర్యాస్తమయం వేళకి ఆ సన్నటి సందుల్లో అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లాడితో అక్కడ ఉంటే ఎవరో ఒకరు ఆరు రోజులూ వాడి చెయ్యి వదలకుండా ఉండాలి. ఆ ఎవరో ఒకరు మీరేనని మీకు తెలుసు. అసలు భయం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

మీవారి కోరికలో తప్పు లేదు. ఎప్పుడో జరగాల్సిన ప్రయాణం జరగలేదన్న లోటు ఆయన మనసులో ఉంది. "మారిపోయావు" అన్న మాట మాత్రం చాలా బాధపెట్టే మాట. పాలిస్తూ, నిద్ర లేకుండా ఏడాది గడిపిన మనిషి మారకుండా ఎలా ఉంటుంది? ఆ మాట మిమ్మల్ని నొప్పించిందని ఆయనకి చెప్పండి. దాని వెనక "నువ్వు నాకు దొరకట్లేదు" అన్న బెంగ ఉండి ఉండొచ్చు, అదీ వినండి. రెండూ ఒకే రోజు మాట్లాడుకోవచ్చు.

ఏ ద్వీపం, ఏ హోటల్ అన్నది తర్వాత చూసుకోవచ్చు. అక్కడ బాబు పనులు ఎవరు చేస్తారన్నది ముందు తేలాలి. ఇంట్లో రాత్రిళ్లు మీరొక్కరే లేస్తుంటే గ్రీస్‌లోనూ మీరే లేస్తారు. అదీ అలవాటైన మంచం, కుక్కర్, వాషింగ్ మెషిన్ ఏవీ లేని చోట. పాలు మీరే ఇవ్వాలి, నిజమే. పాలు తాగాక మళ్లీ నిద్రపుచ్చడం, డైపర్ మార్చడం, తెల్లవారుజామున ఎత్తుకుని తిప్పడం నాన్న చేయగలిగిన పనులే. ప్రయాణానికి ముందే, ఈ వారం నుంచే, రాత్రి ఒకసారి ఆయన లేవాలి. పొద్దున బాబు లేచిన దగ్గర్నుంచి మీరు కాఫీ తాగి స్నానం చేసేదాకా బాబు ఆయన దగ్గరే ఉండాలి. మొదట్లో బాబు మీకోసం ఏడుస్తాడు. మీరు పరిగెత్తుకెళ్లి అందుకోకండి, వాళ్లిద్దరికీ అలవాటు పడే సమయం ఇవ్వండి. ఇంట్లో ఇది కుదిరితే ప్రయాణం కుదురుతుంది. కుదరకపోతే ఏ హోటల్లో దిగినా మీకు విశ్రాంతి ఉండదు.

ఈ మాట బాబు నిద్రపోయాక, ఫోన్లు పక్కన పెట్టి చెప్పండి. ఇలా మొదలుపెట్టొచ్చు: "నాకూ మీతో తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని ఉంది. ఓయాలో అది జరగదు. జరిగే చోటు ఇద్దరం కలిసి వెతుకుదాం." వద్దు అనడంతో మొదలుపెడితే ఆయన సగంలోనే వినడం మానేస్తారు.

ఇక చోటు. నన్నడిగితే మొదటిసారికి క్రీట్ నయం. గ్రీస్ ద్వీపాల్లో పెద్దది అదే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సీజన్‌లో అక్కడి హెరాక్లియన్ నగరానికి నేరుగా విమానం ఉంటుంది, దాదాపు మూడు గంటల ప్రయాణం. ఊరికి దగ్గర్లోనే పెద్ద యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది. పిల్లాడికి రాత్రి జ్వరం వస్తే ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. మీ మనసుకి అది ఎంత ధైర్యమో ఆలోచించండి. క్రీట్‌లోని హన్యా పట్నంలో పాత రేవు చుట్టూ సాయంత్రం నడవడానికి సమతలంగా ఉంటుంది. అక్కడక్కడా రాళ్లు పరిచిన దారి, స్ట్రోలర్ కాస్త కుదుపుతుంది, అంతే.

నాక్సోస్ అనే ఇంకో ద్వీపం ఇంకా అందంగా, నెమ్మదిగా ఉంటుంది. ఊరికి నడిచి వెళ్లేంత దగ్గరలోనే అగియోస్ గియోర్గియోస్ బీచ్, మెత్తటి ఇసుక. చాలా దూరం దాకా మోకాలి లోతే, అలలు చిన్నవి. మీ బాబు నీళ్ల అంచున బకెట్‌తో గంటసేపు కూర్చుంటాడు. కాకపోతే జర్మనీ నుంచి ఏథెన్స్ వెళ్లి, అక్కణ్ణుంచి చిన్న విమానం గానీ, పిరేయస్ రేవు నుంచి ఓడ గానీ పట్టుకోవాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమీ అనే గాలి గట్టిగా వీస్తుంది, మరీ ఎక్కువైతే ఓడలు ఆపేస్తారు. నాక్సోస్ అనుకుంటే చివరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోండి. ఓడ దిగిన రోజే జర్మనీ విమానం ఎక్కే ప్లాన్ వద్దు.

ఆయన మనసంతా శాంటోరినీ మీదే ఉంటే దానికీ దారి ఉంది. ద్వీపానికి తూర్పున కమారి, పెరిస్సా అనే ఊళ్లు సముద్రమట్టానికి దగ్గరగా, సమతలంగా ఉంటాయి. బస అక్కడ పెట్టుకుని ఒక సాయంత్రం బాబుని ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో వేసుకుని ఓయా చూసి రావచ్చు. మోసేది నాన్నే. ఆ బీచ్‌ల్లో ఇసుక నల్లటిది, మధ్యాహ్నానికి కాళ్లు కాలిపోతాయి, బాబుకి చెప్పులు తప్పనిసరి.

ఆగస్టే ఎందుకు? మీ బాబుకి స్కూల్ సెలవులతో పని లేదు. సెప్టెంబర్ రెండో సగంలో వెళ్తే సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, ఎండ తగ్గుతుంది, జనం పలచబడతారు, గదుల ధరలూ తగ్గుతాయి. ఈ ఒక్క మార్పుతో సగం టెన్షన్ పోతుంది.

హోటల్ గది బదులు చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. గ్రీస్ పెరుగు చిక్కగా, కమ్మగా ఉంటుంది. గుప్పెడు అన్నం వండితే బాబుకి పెరుగన్నం సిద్ధం. టావెర్నాల్లో, అంటే అక్కడి భోజనశాలల్లో, ఉడికించిన కూరగాయలు, చల్లటి పాలన్నం లాంటి రిజోగాలో దొరుకుతాయి. పెరుగులో తేనె వేసివ్వడం అక్కడ మామూలు. మీ బాబుకి ఏడాది దాటింది కాబట్టి పర్వాలేదు, ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె అస్సలు పెట్టకూడదు. చాలా ద్వీపాల్లో కుళాయి నీళ్లు తాగరు, సీసా నీళ్లే కొనండి. టాక్సీల్లో పిల్లల సీటు ఉంటుందని అనుకోవద్దు, కారు అద్దెకి తీసుకుంటే సీటు ముందే అడగండి. మందుల షాపుకి ఆకుపచ్చ శిలువ గుర్తు ఉంటుంది. అత్యవసరానికి 112. జర్మనీలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే మీ కార్డు వెనకవైపు యూరప్ బీమా కార్డు ఉంటుంది, బాబు కార్డు కూడా మర్చిపోకండి. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలిస్తే చెవులు నొప్పెట్టవు.

అక్కడి దినచర్య మీ బాబుకి సరిపోతుంది. వేసవిలో మధ్యాహ్నం 3 నుంచి 5:30 వరకు గ్రీస్‌లో నిశ్శబ్దం పాటించే వేళ. మీ ముగ్గురూ అప్పుడు పడుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి బయటికొస్తే ఊరంతా అప్పుడే మేలుకుంటుంది. రాత్రి పదింటికి భోజనాల దగ్గర పసిపిల్లలు కనిపించడం అక్కడ మామూలే, ఎవరూ చిరాకుపడరు.

అత్తయ్యగారి మాట. ఆవిడకి మనవడంటే ప్రాణం, అందుకే భయం. జవాబు చెప్పాల్సింది మాత్రం మీరు కాదు, ప్రయాణం పెట్టిన కొడుకు. ఈసారి అడిగితే "మీ అబ్బాయిని అడగండి అత్తయ్యా, ఇద్దరం కలిసే నిర్ణయిస్తాం" అని ఫోన్ ఆయన చేతికివ్వండి. డాక్టర్‌ని అడిగామని, దగ్గర్లో ఆసుపత్రి ఉందని ఆయనే చెప్పాలి. ఇంకో సంగతి కూడా చెప్పించండి, ఆవిడ కాస్త కుదుటపడతారు: గ్రీకులు కూడా దిష్టిని నమ్ముతారు. పసివాళ్లకి నీలం కన్ను పూస పెడతారు, ముద్దొచ్చే పిల్లాణ్ణి చూస్తే పెద్దవాళ్లు "ఫ్తూ ఫ్తూ" అని దిష్టి తగలకుండా ఊస్తున్నట్టు చేస్తారు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చివరి మాట. వెళ్లినా తప్పు నాదే, మానినా నాదే అన్న భావన ఈ ప్రయాణం ఒక్కదానికేనా, రోజంతా ఉంటోందా? రెండు వారాలకి మించి దిగులుగా ఉండటం, కారణం లేకుండా ఏడుపు రావడం, బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం ఉంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి గానీ గైనకాలజిస్ట్‌కి గానీ చెప్పండి. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ ఏడాది దాటాక కూడా ఉండొచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. సెలవు దాన్ని తగ్గించలేదు. సెప్టెంబర్ దాకా ఆగకండి.

మీవారితో కూర్చునే ముందు రెండు విషయాలు చూసి పెట్టుకోండి. ఓయా హోటల్ డబ్బు పోకుండా ఏ తేదీ వరకు రద్దు చేసుకోవచ్చో బుకింగ్‌లో ఉంటుంది. బాబుది భారతీయ పాస్‌పోర్ట్ అయితే అదీ, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డూ చేతికి వచ్చాయా, లేదా? రాకపోతే టికెట్ తేదీ మార్చే ముందు ఆ అపాయింట్‌మెంట్ తీసుకోండి.