కార్డు ధర పెరిగింది సరే, కొనేవారెవరు?

ఈ పక్షం మాకు చేరిన ఉత్తరాలలో ఆరు విశాఖపట్నం నుంచే, అదీ ఒకే విషయం మీద వచ్చాయి. సేకరణ కార్డులు కొని దాచి, ధర పెరిగాక అమ్మి లాభపడవచ్చా అన్నదే అందరి సందేహం. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారాలు స్నేహితులతో కలిసి ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డుల ఆట ఆడతాడు. కొత్త కార్డుల సెట్టు రాబోతోందనీ, దానితో జతకుదిరే పాత కార్డులను నాలుగేసి చొప్పున ఇప్పుడే కొని ఉంచితే మూడు నెలల్లో ధర ఒకటిన్నర రెట్లవుతుందనీ చెప్పి 40 వేల రూపాయలు అడుగుతున్నాడు. ధర ఎలా పెరుగుతూ వచ్చిందో గీతలు కూడా చూపించాడు. బ్యాంకు ఉద్యోగిగా నాకిది పొదుపులా కనిపించడం లేదు. అలాగని పేకాటతో సమానం అనడానికీ మనసు ఒప్పడం లేదు. ఏమనుకోవాలి? – ఒక తండ్రి, సీతమ్మధార

జవాబు: మీ అబ్బాయి చెప్పిన కారణంలో తప్పేమీ లేదు, అతను చెప్పకుండా వదిలేసిన విషయాల్లోనే చిక్కంతా ఉంది. ఈ ఆటను అమెరికాలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993లో విడుదల చేసింది. ఎక్కువ పోటీ పద్ధతుల్లో ఆటగాడి డెక్‌లో, అంటే అతను ఆడే కార్డుల కట్టలో, కనీసం 60 కార్డులుండాలి; ఒకే పేరుగల కార్డు, ప్రాథమిక భూమి కార్డులు తప్ప, నాలుగుకు మించకూడదు. అందువల్ల ఒక డెక్ పెద్ద టోర్నమెంటులో గెలిచిందంటే, దాన్ని అనుకరించాలనుకునే ప్రతివారికీ ఆ కార్డు ఒకటి కాదు, నాలుగు కావాలి. మార్కెట్లో ఉన్న ప్రతులు ఆ వారంలో పెరగవు కనుక ధర ఒక్కసారిగా లేస్తుంది. కొత్త సెట్టులోని కార్డు పాత కార్డుతో చక్కగా జతకుదిరినప్పుడు జరిగేదీ ఇదే. ఇంతవరకు అబ్బాయి లెక్క సరైనదే.

ఇక అతను చూపిన గీతల సంగతి. అవి చాలావరకు అమ్మేవారు అడుగుతున్న ధరలు; కొనేవారు ఇచ్చిన ధరలు వేరుగా ఉంటాయి. ఉదాహరణకు వెయ్యి రూపాయలకు కొన్న కార్డు జాబితాలో 1,500కు చేరిందనుకుందాం. అదే రోజు దుకాణదారుకు అమ్మబోతే జాబితా ధరలో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే ఇస్తాడు. నూటికి 60 చొప్పున ఇచ్చాడనుకుంటే చేతికి వచ్చేది 900. గీత ప్రకారం 500 లాభం, జేబు ప్రకారం 100 నష్టం. దుకాణదారును కాదని నేరుగా మరో ఆటగాడికే అమ్ముదామంటే వేదిక కమీషను, కొరియరు ఖర్చు, కార్డు మూల నలిగిందంటూ వచ్చే మారుబేరం ఉంటాయి. నలభై వేలు పెట్టి కొన్న కార్డులన్నీ ఒకే వారంలో కొనేటంత మంది ఆటగాళ్లు మన ఊళ్లో ఉన్నారా అని అబ్బాయిని అడగండి. అతనికి తెలిసిన ఆటగాళ్ల సంఖ్యే మీకు జవాబు.

మన ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున పాట జరిగేటప్పుడు పడవ యజమానికి ఒక సౌలభ్యం ఉంటుంది: చేప నిలవ ఉండదు కాబట్టి వచ్చిన ధరకు అమ్మక తప్పదు, నష్టమైతే ఆ పూటే తెలిసిపోతుంది. కార్డు కుళ్లదు. అందుకే ధర పడిపోయినా ‘మళ్లీ లేస్తుందిలే’ అని పెట్టెలో దాచుకుంటారు, నష్టం ఏళ్ల తరబడి ఎవరికీ కనిపించకుండా ఉండిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఈ సరుకును ముద్రించేది కంపెనీ, ఆటలో ఏది చెల్లుతుందో ప్రకటించేది ఆట నిర్వాహకులు; రెండూ కొనేవారి చేతిలో లేవు. 2024 సెప్టెంబరు 23, సోమవారం నాడు ‘కమాండర్’ అనే పద్ధతిలో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ సహా నాలుగు కార్డులను నిషేధిస్తున్నట్లు ప్రకటన వెలువడింది. వీటిలో జ్యువెల్డ్ లోటస్ 2020లో ఆ పద్ధతి కోసమే తయారైన కార్డు. ఆ పద్ధతిలోనే చెల్లకపోతే దానికి వేరే ఉపయోగం దాదాపు లేదు. ముందురోజు దాకా పదుల డాలర్లు పెట్టి కొన్నవారు మరునాడు దాన్ని ఎవరికి అమ్మాలో తెలియక కూర్చున్నారు.

పునర్ముద్రణ ప్రభావం ఇంకా చిత్రమైనది. 2007లో ఫ్యూచర్ సైట్ సెట్టులో వచ్చిన టార్మోగాయిఫ్ అనే కార్డును 2013లో మోడరన్ మాస్టర్స్ సెట్టులో తిరిగి ముద్రించారు. ధర పడుతుందనుకుంటే పెరిగింది. కారణం, ఆ సెట్టు వల్ల ‘మోడరన్’ అనే పోటీ పద్ధతిలోకి కొత్త ఆటగాళ్లు వచ్చారు. వాళ్లలో ప్యాకులో ఒకటి దొరికినవాడికి ఇంకో మూడు కావలసి వచ్చాయి. దాదాపు 200 డాలర్లు పలికిన ఆ కార్డు తరువాతి పునర్ముద్రణలతోనూ, 2017లో వచ్చిన ఫేటల్ పుష్ అనే చవక కార్డు ఆటలో దాన్ని సులువుగా తొలగించగలగడంతోనూ క్రమంగా దిగజారింది. పునర్ముద్రణ వార్త ముందే తెలిసినవాడు కూడా 2013లో తప్పుగానే పందెం కట్టి ఉండేవాడు.

నా అభిప్రాయం అడిగితే, అబ్బాయికి తన డెక్‌లో నిజంగా వాడుకునే కార్డులు కొనుక్కోవడానికి 5 వేలు ఇవ్వండి. ధర పడినా ఆట మిగులుతుంది. మిగిలిన 35 వేల మీద పట్టుబడితే, ఏ ధరకు ఎవరికి అమ్ముతాడో కొనకముందే కాగితం మీద రాసివ్వమనండి. రాయగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ప్రశ్న: ఎప్పటికీ తిరిగి ముద్రించబోమని మ్యాజిక్ కంపెనీ మాట ఇచ్చిన కార్డుల జాబితా ఉందట కదా! అవి కొంటే భయం లేనట్లేనా? – గాజువాక నుంచి ఒక ఉక్కు కర్మాగార ఉద్యోగి

జవాబు: ఉంది. 1995లో క్రానికల్స్ అనే సెట్టులో పాత కార్డులను విరివిగా తిరిగి ముద్రించేసరికి, వాటిని దాచుకున్నవారు గగ్గోలు పెట్టారు. వారిని శాంతింపజేయడానికి 1996లో ‘రిజర్వుడ్ లిస్ట్’ ప్రకటించారు. అందులో అందరికీ తెలిసినది బ్లాక్ లోటస్. తొలి ఆల్ఫా ముద్రణలో ఒక్కో అరుదైన కార్డు సుమారు 1,100 ప్రతులే వెలువడ్డాయి. ఆ ముద్రణకు చెందిన బ్లాక్ లోటస్ ఒకటి 2021 జనవరిలో 5,11,100 డాలర్లకు అమ్ముడుపోయింది.

అయితే ఆ మాట చట్టం కాదు, ఒక సంస్థ తన కొనుగోలుదారులకు ఇచ్చిన హామీ. 2022లో అదే సంస్థ 30 ఏళ్ల పండుగ పేరుతో ఆ తొలినాటి కార్డులనే, వెనకవైపు బొమ్మ మార్చి, పోటీల్లో చెల్లవని చెప్పి, నాలుగు ప్యాకులు 999 డాలర్లకు అమ్మింది. మాట తప్పలేదు, కానీ గోడకు ఎంత దగ్గరగా నడవవచ్చో చూపించింది. ఇంతకంటే మీకు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది నకిలీలు. పాత ఖరీదైన కార్డు విదేశం నుంచి తెప్పించుకుంటే దానికి సుంకం ఉంటుంది, అసలుదో కాదో తేల్చగలవారు చేరువలో ఉండరు, తిరిగి అమ్మాలంటే మళ్లీ విదేశానికే పంపాలి. ఇన్ని మెట్లు ఎక్కి దిగేటంత లాభం కొద్ది కార్డుల్లోనే ఉంటుంది, వాటి ధర మన జీతాలకు అందదు.

ప్రశ్న: మా పాప దగ్గర పోకెమాన్ కార్డులు ఓ డబ్బా నిండా ఉన్నాయి. వీధి చివర కొట్లో 50 రూపాయల ప్యాకు. వాటిలో బంగారు రంగు చారిజార్డ్ బొమ్మ కార్డు ఒకటుంది. లక్షల్లో పోతుందని మా ఆడపడుచు చెప్పిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు. – ఒక గృహిణి, మధురవాడ

జవాబు: ముట్టుకోండి, పాపకు ఇచ్చేయండి. బంగారు రేకులా మెరుస్తూ ప్లాస్టిక్‌లా వంగే ఆ కార్డులు నకిలీలు. లక్షల్లో పోయింది వేరే కార్డు. పోకెమాన్ కార్డులు జపానులో 1996లో వచ్చాయి, ఇంగ్లీషులో 1999 జనవరిలో వచ్చాయి. ఆ ఇంగ్లీషు తొలి సెట్టులో, మొదటి ముద్రణ గుర్తు ఉండి, బొమ్మ చట్రం పక్కన నీడ లేని చారిజార్డ్, అదీ పీఎస్ఏ అనే సంస్థ పరీక్షించి పదికి పది మార్కులు వేసినది, 2022 మార్చిలో 4,20,000 డాలర్లకు వెళ్లింది. అదే కార్డు మూల కాస్త తెల్లబారి మార్కులు తగ్గితే ధర ఎన్నో రెట్లు పడిపోతుంది.

అసలు కార్డు అట్ట మధ్యలో నల్లటి పొర ఉంటుంది. చీకటి గదిలో వెనకనుంచి టార్చి వేస్తే అసలుది వెలుగును బాగా అడ్డుకుంటుంది, నకిలీలో వెలుగు ధారాళంగా కనిపిస్తుంది. అక్షరదోషాలు, వెనకవైపు నీలం మరీ పాలిపోవడం కూడా గుర్తులే. అసలువైనా నేటి కార్డులకు అరుదుదనం తక్కువ. 2024 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలోనే సుమారు 1,190 కోట్ల పోకెమాన్ కార్డులు ముద్రించారు.

ప్రశ్న: విడి కార్డులు కాకుండా సీలు తీయని పెట్టెలు కొని ఇరవై ఏళ్లు దాచమంటున్నాడు అమెరికాలోని మా మేనల్లుడు. సముద్రం పక్కనే మా ఇల్లు. పాడవుతాయా? – విశ్రాంత అధ్యాపకులు, పెదవాల్తేరు

జవాబు: మేనల్లుడి దేశంలోనే దీనికి రెండు కథలున్నాయి. టాప్స్ సంస్థ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డుల చివరి విడత అమ్ముడుపోక గోదాములో మూలిగింది. 1960లో ఆ సంస్థ ఉద్యోగి సై బెర్గర్ ఆ పెట్టెలను పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారేయించాడు. ఆ విడతలోని, మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఈ కథ విని 1980ల చివర, 1990ల మొదట లక్షలాది కుటుంబాలు పెట్టెలు పెట్టెలుగా కొని సీలు తీయకుండా దాచాయి. కంపెనీలూ అంతకు తగినట్లే ముద్రించాయి. వాటిలో అధికభాగం నేటికీ కొన్న ధరకు అటూ ఇటూగానే దొరుకుతున్నాయి. అందరూ పారేసినది కనుక మాంటిల్ కార్డుకు ఆ ధర. అందరూ దాచినవాటికి ఈ ధర.

ఇక తేమ. కార్డు కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, మెరుపు కార్డు మీది రేకు ఉబ్బదు. అందుకే మెరుపు కార్డులు విల్లులా వంగుతాయి. పెదవాల్తేరు గాలికి ఒక్క వానాకాలం చాలు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నేల మీద కాక పై అరలో, గోడకు తగలకుండా ఉంచాలి. హుద్‌హుద్ నాడు కింది అరల్లోని నా స్టాంపుల ఆల్బములు నాలుగు అట్టముద్దలయ్యాయి కనుక పై అర అని నొక్కి చెబుతున్నాను.

ప్రశ్న: మా వాట్సాప్ బృందంలో ఒకాయన ఫలానా కార్డు లేస్తోంది అన్నాడు. చూస్తుండగానే ధర రెట్టింపైంది. నేను 18 వేలకు కొన్నాక పడిపోయింది. ఆయన ముందే కొని పెట్టుకుని మాకు అమ్మాడని తరువాత తెలిసింది. ఫిర్యాదు చేయవచ్చా? – పేరు వద్దన్న పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: దీన్ని కార్డులవాళ్లు ‘బైఅవుట్’ అంటారు. అరుదైన పాత కార్డు అమ్మకానికి ఉన్న ప్రతులు ఏ ముప్పయ్యో నలభయ్యో ఉంటే, ఇద్దరు ముగ్గురు కలిసి వాటన్నిటినీ కొనేస్తారు. మిగిలిన ఒకటి రెండు ప్రతులకు ఎవరెంత రాసుకుంటే అదే జాబితా ధర అవుతుంది. షేర్లలో ఇలా చేస్తే సెబీ ఉంది. కార్డులకు అలాంటి నియంత్రణ లేదు. మీకు అందినది అసలు కార్డే అయితే, ధర పడిందన్న కారణంతో డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం. నకిలీ పంపినా, డబ్బు తీసుకుని పంపకపోయినా అది మోసం. సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేసి, చాట్లు, చెల్లింపు రసీదులు చూపండి. మీ ఉత్తరం చివర, అదే కార్డును ఇంకో బృందంలో అలాగే అమ్మేసి బయటపడవచ్చా అని అడిగారు. ఆ ప్రశ్నను ప్రచురించడం లేదు, జవాబు మీకే తెలుసు.

ప్రశ్న: చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్ గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు అరవై దాకా ఉన్నాయి. ధర ఎంత? – కంచరపాలెం

జవాబు: వాటికి జాబితా ధర లేదు. ఆ తరంవారు ఎవరైనా జ్ఞాపకం కోసం అడిగితే వచ్చేదే ధర. లామినేషన్ మాత్రం చేయించకండి. ఒకసారి చేయిస్తే ఏ సేకర్తా తీసుకోడు.