1349 పేజీల కుటుంబ నవలలో అంత సుఖం ఎక్కడున్నది?

అడిగినాయన ప్రశ్న ఇది: "విక్రమ్ సేఠ్ రాసిన 'ఎ సూటబుల్ బాయ్' కొన్న. పిల్లకు సంబంధం వెతికే కథకు ఇన్ని పేజీలు ఎందుకు? ఇంత పొడుగు నవల చదివితే నిజంగ ఆనందం ఉంటదా? మధ్యలో వదిలెయ్యకుండ ఎట్ల పూర్తి చెయ్యాలె?"

ఉంటది. అయితే పెళ్లికథ అనుకొని చదివితే సగమే చేతికొస్తది. మిగిలిన సగం భూమి దగ్గర ఉన్నది. నల్లగొండ, పాలమూరు మనుషులకు ఆ సగం ఎవరూ విప్పి చెప్పే అవసరం లేదు.

నవల 1993లో వచ్చింది. కథ నడిచేది 1951, 52 సంవత్సరాల్లో. బ్రహ్మపూర్ పట్నం, పూర్వ ప్రదేశ్ రాష్ట్రం రెండూ కల్పితమే గానీ, జమీందారీ రద్దు, మొదటి సాధారణ ఎన్నికలు మన దేశంలో జరిగినవే. ఒక దిక్కు రూపా మెహ్రా అనే తల్లి చిన్నబిడ్డ లతకు సంబంధం చూస్తుంటది. ఇంకో దిక్కు పెద్దబిడ్డ సవిత మామ మహేశ్ కపూర్ రెవెన్యూ మంత్రిగ ఉండి జమీందారీ రద్దు బిల్లును శాసనసభలో గట్టెక్కించే పనిలో ఉంటడు. పెళ్లి, భూమి ఒక్క వియ్యంతో ముడిపడ్డయి.

ఇప్పుడు దారం ఎట్ల సాగుతదో చూడండి. మంత్రి చిన్నకొడుకు మాన్, సయీదా బాయి అనే గాయని మీద మనసు పడి ఉర్దూ నేర్చుకోవాలనుకుంటడు. పాఠం చెప్పేటందుకు రషీద్ అనే చదువుకునే పిల్లగాడు కుదురుతడు. ఆ రషీద్ వెంబడి మాన్ దేబరియా అనే పల్లెకు పోతడు. ఇక్కడిదాక ప్రేమకథకు తోక లెక్కనే కనబడతది. చానామంది ఇక్కడనే "పల్లెటూరి భాగం సాగుతలేదు" అని నాలుగు పేజీలకు ఒక పేజీ చదువుతరు. పెద్ద పొరపాటు.

రషీద్ ఇంటోళ్లు భూములున్నోళ్లు. వాళ్ల దగ్గర కచేరు అనే దళిత ముసలాయన ఏండ్ల నుంచి చాకిరీ చేస్తుంటడు. ఒక చిన్న చెలక ముక్క దున్నుకుంటడు. చట్టం రాబోతున్నదని తెలిసిన భూస్వాములు కౌలుదార్లను ఒక్క చెలక మీద నిలువనియ్యరు, ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి తిప్పుతనే ఉంటరు. కచేరును మాత్రం ఎవరూ పట్టించుకోక అతను అదే ముక్క మీద ఉండిపోయిండు. రషీద్ మంచి మనసుతోనే ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీ దగ్గరికి పోతడు, ఆ ముసలాయన సాగును కాగితం మీద ఉన్నదున్నట్టు చూపించమని అడుగుతడు. మాట ఇంటికి చేరుతది. ఇంతకాలం ఎవరికీ గుర్తులేని ఆ ముక్క అప్పుడు అందరికీ గుర్తొస్తది. ముసలాయన చేతిలోంచి అది కూడా పోతది.

ఇది మనకు కొత్త కథ కాదు. పహాణీ, అంటే ఊరి భూమి సాగు లెక్కల రిజిస్టరు చూసిన మనిషికి తెలుసు: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పక్కన అనుభవదారు, అంటే నిజంగ సాగుచేసేటోని కాలం. ఆ చిన్న కాలంలో ఎవరి పేరు పడ్డదన్న దాని మీద తరాలు కొట్లాడినయి. హైదరాబాద్ రాష్ట్రంలో 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు ఫర్మానా వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దాని ప్రకారం రక్షిత కౌలుదారు, అంటే భూస్వామి ఇష్టమొచ్చినట్టు తీసెయ్యలేని కౌలుదారు కావాలంటే వరుసగ ఆరేండ్ల సాగు చూపించాలె. ఆరేండ్లు నిండకముందే మనిషిని మారిస్తే హక్కు అనేదే పుట్టదు. దేబరియాలో కౌలుదార్లను ఎందుకు తిప్పుతున్నరో ఈ ఒక్క లెక్క తెలిసినోడికి చిటికెలో అర్థమైతది. మన దగ్గర 1954-55 ఖాస్రా పహాణీ ఇప్పటికీ భూమి తగాదాల్లో బయటికి తీస్తరంటే, పట్వారీ కలం ఎంత దూరం పోతదో వేరే చెప్పాల్నా?

నవల సాగే కాలం కూడ మన కాలమే. 1951 ఏప్రిల్ 18న, అప్పట్ల నల్లగొండ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందర నూరెకరాలు ఇస్తనన్నడు, భూదానం అక్కడ మొదలైంది. ఆ వెంటనే వచ్చిన ఎన్నికల్లో నల్లగొండ నుంచి కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిండు. నవలలో ఎన్నికల భాగం వచ్చినప్పుడు ఈ రెండూ మనసులో పెట్టుకొని చదవండి, ప్రతి ఊరి పెద్దమనిషి మాట బరువుగ వినబడతది.

ఇన్ని పేజీలు ఎందుకన్న దానికి నా జవాబు ఇదే. శాసనసభలో బిల్లు మీద వాదన ఒకచోట వస్తది. కచేరు చెలక వందల పేజీల తర్వాత వస్తది. నడుమ పెండ్లిచూపులు, పాట కచేరీలు, మేళాలో తొక్కిసలాట, చెప్పుల వ్యాపారం, ఒక కాన్పు. మనం బిల్లును మర్చిపోతం. మర్చిపోయినంకనే అది వచ్చి ఒక ముసలాయన మీద పడతది. మూడు వందల పేజీల నవలలో ఈ రెండూ పక్కపక్కన పెట్టాల్సి వస్తది, అప్పుడు అది పాఠం లెక్క ఉంటది. మర్చిపోయేటంత జాగా ఉంటేనే గుర్తొచ్చినప్పుడు గుండెలో కలుక్కుమంటది. అందుకే "కథ పది నిమిషాల్లో చెప్పండి" అనేటోళ్ల మీద నాకు కోపం. 2020లో మీరా నాయర్ తీసిన సిరీస్ ఆరు భాగాలు. చూడండి, తప్పులేదు. గానీ అది చూసి నవల అయిపోయింది అనుకోకండి. ఆరు భాగాల్లో మనిషికి మర్చిపోయే టైమే దొరకదు.

ఇగ చదివే పద్ధతి. పుస్తకంలో 19 భాగాలున్నయి. ఒక్కో భాగం లోపల 1.1, 1.2 అని చిన్న చిన్న అధ్యాయాలు. మొదట్లో విషయసూచిక ప్రాసతోటి ఉన్న రెండేసి పంక్తుల పద్యాల్లో ఉంటది, భాగానికి ఒకటి. అలంకారం అనుకొని దాటెయ్యకండి. భాగం మొదలుపెట్టేముందు దాని పద్యం ఒకసారి, అయిపోయినంక మళ్లొకసారి చదవండి. ఎవరి దారం ఎక్కడ తెగిందో, ఎక్కడ కలిసిందో దొరికిపోతది. రోజుకు 25 పేజీలు చదివితే 54 రోజులు పడతది. సెలవు దొరికిందని ఒక్కరోజే రెండు వందలు చదివినోళ్లు ఆ తర్వాత వారం పుస్తకం ముట్టరు, ముట్టినప్పుడు పేర్లు గుర్తుండయి. పేజీ లెక్క కంటే అధ్యాయం చివర ఆగుడు మంచిది.

పేపర్‌బ్యాక్ అయితే వెన్ను నడుమకు పగులుతది, ఆరేడు వందల పేజీ దగ్గర కట్టలు కట్టలుగ ఊడతది. కొన్న రోజే పుస్తకాన్ని బల్ల మీద వెన్ను కిందికి పెట్టి నిలబెట్టండి. ముందు అట్ట వంచండి, తర్వాత వెనక అట్ట. ఆ తర్వాత ముందు నుంచి ఇరవై పేజీలు, వెనక నుంచి ఇరవై పేజీలు, ఇట్ల మార్చుకుంట నడుమ దాక మెల్లగ వేలితోటి అద్దుకుంట రండి. పది నిమిషాల పని. పండుకొని చాతీ మీద పెట్టుకొని చదవొద్దు, మణికట్లు నొప్పి పుట్టి పుస్తకమే వద్దనిపిస్తది. ఒళ్లో దిండు, దిండు మీద పుస్తకం.

వంశవృక్షాలు పుస్తకం ముందర అచ్చేసి ఉన్నయి: మెహ్రా, కపూర్, ఖాన్, చటర్జీ. వాటిని చూసుకుంట సొంతంగ ఇంకొకటి కాగితం మీద మన వరసలతోటి గీసుకోండి. మహేశ్ కపూర్, రూపా మెహ్రా వియ్యంకుడు, వియ్యపురాలు. సవితకు మాన్ మరిది, వీణ ఆడబిడ్డ. లత పెద్దన్న అరుణ్, అతని భార్య మీనాక్షి లతకు వదిన. మీనాక్షి అన్న అమిత్, కలకత్తా కవి. వదినకు అన్న అంటే లతకు ఎవరు? బావ వరస. మన దగ్గరైతే అట్లాంటి పిల్లగాడు ఇంట్లో అడుగుపెట్టిన్నాడే ముసలమ్మలు మేనరికం తీరు మాటలు మొదలుపెడతరు. రూపా మెహ్రాకు మాత్రం అసలు ఆ లెక్కే ఉండదు. పిల్లగాని కులం ఏంది, మన లెక్క ఖత్రీ కులమోళ్లేనా అన్నది చూస్తది. వరసలు రాసుకొని చదివితేనే ఈ తేడా పట్టుబడతది. ఇంగ్లిష్‌లో బావ, మరిది, బామ్మర్ది అందరికీ ఒక్కటే మాట కాబట్టి ఉత్తగ చదివితే కనబడదు.

ఖాన్ కుటుంబం దగ్గర ఒక్క జాగ్రత్త. ఇంతియాజ్, ఫిరోజ్ కవలలు. ఒకరు డాక్టరు, ఒకరు వకీలు. మాన్‌కు ప్రాణమిత్రుడు వకీలు ఫిరోజ్. ఈ ఇద్దరిని కలిపేసుకుంటే చివరి నాలుగు వందల పేజీలు ఖరాబైతయి.

ఇంగ్లిష్ తోటి ఇబ్బంది అయితే హిందీలో గోపాలకృష్ణ గాంధీ అనువాదం ఉన్నది, పేరు 'కోయీ అచ్ఛా సా లడ్కా'. ఉర్దూ మాటలు, గజళ్లు అందులో ఇంకా హాయిగ ఉంటయి, పాలమూరులో ఉర్దూ వినుకుంట పెరిగినోళ్లకు మరీ. తెలుగులోనే పొడుగు నవల కావాలంటే విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' పట్టండి. ఆయన చెప్తుంటే తమ్ముడు 29 రోజుల్లో రాసుకున్నడని ప్రసిద్ధి. పి.వి. నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చిండు. దాంట్లో కూడ జమీందారీయే, అయితే పోయే కాలం మీద ప్రేమతోటి రాసింది. రెండూ చదివినోడికి ఒక్క దొర గడిని రెండు వాకిళ్ల నుంచి చూసినట్టుంటది.

నాకు మిగిలిన బాధ ఒక్కటే. నకిరేకల్ దగ్గర మాధవరంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' రాసిండు, రెండో నవల 'గంగు' పూర్తికాకముందే 1961లో పోయిండు. దొర ఇల్లు, పట్వారీ ఇల్లు, కౌలుదారు ఇల్లు, జీతగాని ఇల్లు, ఈ నాలుగు ఇండ్లను పట్టుకొని పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యే దాక, వెయ్యి పేజీలు దాటే నవల మనకు కావాలె. సామగ్రి మొత్తం మన తాసిల్దార్ ఆఫీసుల బీరువాల్లో ఉన్నది.

మీరు ఇప్పుడు మొదలుపెడుతున్నరు కాబట్టి ఒక పని చెయ్యండి. దేబరియా పేజీలు వచ్చినప్పుడు ఆ అంచున ఒక కాగితం ముక్క పెట్టండి. మంత్రి ఓట్లు అడగపోయేది కూడ ఆ దిక్కుకే, కొడుకు అక్కడ గడిపిన ఎండకాలం పరిచయాలే తండ్రికి అక్కరకొస్తయి. ఎన్నికల భాగం తెరిచేముందు ఆ పేజీలు మళ్లొకసారి తిరగేసి, అప్పుడు ముందుకు పోండి.