శుక్రవారం లోపు చదువుకో

లల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి పది నిమిషాలు వంకాయల ధర గురించి మాట్లాడింది. పెట్టేసే ముందు చెప్పింది నీ సంగతి. శుక్రవారం మళ్ళీ ఆ రొమ్ము ఎక్స్‌రే, మామోగ్రామ్‌కి వెళ్తున్నావట, ఈసారి ఎడమవైపు ఒక్కదానికే. ఎవరికీ చెప్పొద్దన్నావట. నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతుంది? దాని గొంతు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. మూడింటికి లేచి కాఫీ పెట్టుకుని ఇది మొదలుపెట్టాను. ఫోనులో ఇంత టైపు చేయడం నా వల్ల కాదు. మనవడు ఫొటోలు తీసి పంపుతాడు. వాడిది ఇంగ్లీషు మీడియం, నా గొలుసుకట్టు రాత చదవలేడులే.

ముందు ఆ జీరో సంగతి. రిపోర్టులో బైరాడ్స్, అదే బొమ్మలు చూసి డాక్టర్లు వేసే అంకె, సున్నా అని చూసి ఏడ్చావట. ముప్ఫై రెండేళ్ళు లెక్కల పేపర్లు దిద్దినదాన్ని, సున్నా గురించి నాకు చెప్పకు. అది మార్కు కాదు. తీసిన బొమ్మలు చాలలేదు, ఇంకొన్ని తీశాకే తేలుస్తాం అని దాని అర్థం. అడిషనల్ షీటు అడిగారు, అంతే. ఇలా వెనక్కి పిలిచినవాళ్ళలో చాలామందికి చివరికి ఏమీ ఉండదు. పిలవగానే బయల్దేరావు చూడు, అది నాకు గర్వంగా ఉంది. మన ఇంట్లో ఆడవాళ్ళకి ఆ అలవాటు లేదు.

ఆ రోజు పౌడరు, సెంటు, చంకల్లో కొట్టుకునే డియోడరెంట్ ఏవీ వద్దు. బొమ్మలో సున్నపు చుక్కల్లా కనబడి లేనిపోని గొడవ. పైది ఒక్కటీ విప్పడానికి వీలుగా ఉండే బట్టలు వేసుకో. నల్లపూసలు ఇంట్లోనే తీసిపెట్టు. నెలసరి వచ్చి వెళ్ళిన వారంలో అయితే నొప్పి తక్కువ, కానీ ఆ వంకతో తేదీ మార్చావంటే ఊరుకోను.

నొక్కుతారు, గట్టిగానే. మొదటిసారి చూశావు కదా. ఈసారి అనుమానం ఉన్నచోట చిన్న పలకతో నొక్కి, పెద్దది చేసి తీస్తారు. లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి పడి ఏర్పడ్డ నీడైతే, నొక్కగానే విడిపోయి మాయమవుతుంది. విడిపోకుండా నిలబడేదాని గురించే వాళ్ళు ఆలోచిస్తారు. అందుకని మెల్లగా నొక్కమని బతిమాలకు. ఉండేది కొన్ని సెకన్లే. నేనైతే పదిహేడో ఎక్కం చదువుకుంటాను. పదిహేడు ఐదులు ఎనభై ఐదుకి వచ్చేసరికి వదిలేస్తారు. ఆ తర్వాత అల్ట్రాసౌండ్ కూడా చేద్దామంటారేమో, అది విని గుండె జారిపోనక్కర్లేదు. రెండూ కలిపి చూడటం మామూలే.

అసలు నేను ఇంత రాయడానికి కారణం వేరే ఉంది. పాత బొమ్మలు తీసుకెళ్ళు. కాగితం రిపోర్టు కాదు, బొమ్మలు. మొదట తీసినచోట సీడీ అడిగి తీసుకో.

నేను మొదటిసారి తీయించుకున్నది 1998లో, హైదరాబాదు వెళ్ళి. నాకప్పుడు నలభై రెండు. మీ పెదనాన్నకి తప్ప ఎవరికీ తెలీదు. మీ అమ్మకి పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పాను. కుడివైపు చిన్న గుండ్రటి నీడ ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి, భయం లేదు, ఫిల్ములు మాత్రం భద్రంగా దాచుకోండి అన్నారు. దాచాను. బియ్యం డబ్బా వెనక, ఎవరి కంటా పడకుండా.

1999 ఆగస్టులో సూర్యగ్రహణం వచ్చింది, గుర్తుందా? బుధవారం సాయంత్రం. మా డాబా మీద నువ్వూ, మా పెద్దాడూ, పక్కింటి పిల్లలిద్దరూ. నల్ల ఫిల్ము కావాలని ఇల్లంతా గాలించారు. ఆ కవరు నీ చేతికే దొరికింది. ఫిల్ము వెలుతురుకి పెట్టి, "పెద్దమ్మా, ఏంటిది? మబ్బులా ఉంది" అన్నావు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏదో పాత ఊపిరితిత్తుల ఎక్స్‌రేలే అని లాక్కున్నాను. నేనే కత్తెర తెచ్చి, నల్లగా ఉన్న అంచులు కత్తిరించి నలుగురికీ తలా ఒక ముక్క ఇచ్చాను. మధ్యలో మబ్బుని నీళ్ళ కాగు కింద పడేశాను. పీడ విరగడైందనుకున్నాను. (అలాంటి ఫిల్ములోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు దెబ్బతింటాయని తర్వాత ఎక్కడో చదివి ఒళ్ళు జలదరించింది. ఆ రోజు ఆకాశం మబ్బు పట్టబట్టి సరిపోయింది.)

2001లో మళ్ళీ తీయించుకుంటే అదే చోట నీడ. డాక్టరమ్మ ఒకటే అడిగింది, పాత ఫిల్ము ఏదండీ అని. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, పెరగలేదంటే వదిలేయొచ్చట. గ్రహణం చూశామని చెప్పలేక, ఇల్లు మారాం, పోయింది అన్నాను. పోల్చడానికి ఏమీ లేదు కాబట్టి కోసి, ముక్క తీసి పరీక్షకి పంపారు. నాలుగు కుట్లు. రిపోర్టుకి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఆరో తరగతికి భిన్నాలు చెప్పాను. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే కుట్లు లాగేవి, సగం బోర్డు కిందనే రాసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు కనుక ఎవరూ అడగలేదు. పన్నెండో రోజు తేలింది, ఏమీ కాదు, మామూలు గడ్డ. మూడేళ్ళ కిందటా అంతే ఉంది. ఆ సంగతి చెప్పగలిగింది ఆ ఫిల్ము ఒక్కటే. దాంతో నేను స్నానానికి నీళ్ళు కాచుకున్నాను.

ఇంకో మాట, ఇది చదివాక ఒకసారి కూర్చో. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. నువ్వు లేదని రాసి ఉంటావు. నీ తప్పు కాదమ్మా, మేం నీకు చెప్పిందే రాశావు. మీ అమ్మమ్మ గుండె జబ్బుతో పోలేదు. రొమ్ములో గడ్డ. ఏడాదికి పైగా పైట కింద దాచుకుంది. ఒళ్ళు తెలియని జ్వరమొస్తే బట్టలు మార్చబోయి నేను చూశాను. అప్పటికే చంకలోకి పాకింది. 1981లో పోయింది, యాభై నాలుగేళ్ళకి. మీ అమ్మకి సంబంధాలు చూస్తున్న రోజులు. గుండె అని చెబుదామన్నారు మా నాన్న. అందరం అదే చెప్పాం, చెప్పీ చెప్పీ సగం నమ్మాం కూడా. నిన్న ఆ వంకాయల గోల ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఆ గడిలో రాయి, తల్లి తల్లి, 54కి పోయింది అని. వయసు కూడా అడుగుతారు. దానర్థం నీకూ వస్తుందని కాదు. డాక్టరు లెక్కలో పడాల్సిన అంకె అది, ఇన్నాళ్ళూ మేం చెరిపేసి ఉంచాం. ఈసారి బైరాడ్స్ మూడు అని రిపోర్టు ఇస్తే ఆరు నెలలకి మళ్ళీ రమ్మంటారు, వెళ్ళాలి. నాలుగో ఐదో అంటే సూది పరీక్ష. అంతవరకూ వస్తే అప్పుడు చూద్దాం. నీ చేతికి ఎప్పుడైనా గడ్డ తగిలితే మాత్రం, బొమ్మలో ఏం లేదన్నారని ఇంటికొచ్చేయకు, మళ్ళీ అడుగు.

అల్లుడికి కూడా చెప్పలేదట. ఈ రాత్రే చెప్పు. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు అని రాయబోయాను, చెయ్యి ఆగిపోయింది. చూపించు.

గురువారం సాయంత్రానికి దిగుతాను, వద్దనకు. 2001 నుంచి తీసిన నా ఫిల్ములన్నీ బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి, తెస్తున్నాను. నీకు పనికిరావని తెలుసు. అప్పుడు మబ్బన్నావుగా, ఈసారి వెలుతురుకి పెట్టి సరిగ్గా చూద్దువుగాని.

నీ పెద్దమ్మ