డాకింగ్ స్కోరు బాగా వస్తే మందు దొరికినట్టేనా?

ప్రశ్న: ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మొక్కల్లో దొరికే 40 సమ్మేళనాలను హెచ్‌ఐవీ ప్రోటియేజ్ (ఆ వైరస్‌కి అవసరమైన ఒక ఎంజైమ్) మీద డాకింగ్ చేశాను, అంటే అవి దానిలో ఎలా ఇముడుతాయో కంప్యూటర్‌లో చూశాను. ఒకదానికి మైనస్ 9.8 స్కోరు వచ్చింది (ఎంత మైనస్ అయితే అంత మంచిది). ల్యాబ్‌లో పనిచేసే ఫ్రెండ్స్ మాత్రం "అవన్నీ కంప్యూటర్ బొమ్మలు, కెమిస్ట్రీ కాదు" అంటున్నారు. వైవాలో కూడా ఇదే అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పాలి?
- ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: బొమ్మలు కావమ్మా. అలాగని ఆ మైనస్ 9.8 చూసి మందు దొరికిందనీ అనుకోకండి. డాకింగ్‌లో మామూలుగా ప్రోటీన్‌ను కదలనివ్వం, చిన్న అణువునే దాని గుంతలో రకరకాలుగా తిప్పి పెట్టి ఎలా ఇముడుతుందో చూస్తాం, స్కోరు ఆ ఇమడటం మీద వేసిన అంచనా మాత్రమే. పెద్ద అణువైతే ఎక్కువ చోట్ల తగులుతుంది కాబట్టి ఊరికే మంచి స్కోరు తెచ్చుకుంటుంది కూడా. మీ 40లో మొదట నిలిచింది బరువైనదేనేమో చూడండి.

వైవాకి ముందు ఒక పని తప్పకుండా చేయండి. ప్రోటీన్ల నిర్మాణాలను దాచే ప్రోటీన్ డేటా బ్యాంకులో 1హెచ్‌ఎస్‌జీ అనే నిర్మాణం ఉంది, ఇదే ప్రోటియేజ్‌లో ఇండినావిర్ అనే హెచ్‌ఐవీ మందు కూర్చుని ఉంటుంది. ఆ మందును బయటికి తీసి, మీ సెట్టింగులతోనే మళ్లీ డాక్ చేయండి. స్ఫటికంలో (అంటే ఆ నిర్మాణంలో) ఉన్న చోటికి 2 ఆంగ్‌స్ట్రాముల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) లోపు వచ్చిందా, మీ పద్ధతిని కొంత నమ్మొచ్చు. రాలేదా, మిగతా 40 స్కోర్లకూ విలువ లేదు.

ఇంకోటి, నీళ్లు. ట్యుటోరియళ్లలో చాలావరకు మొదటి మెట్టే నీటి అణువులన్నీ డిలీట్ చేయమని. కానీ ఈ ప్రోటియేజ్‌లో రెండు రెప్పల్లాంటి భాగాలకీ మందుకీ మధ్య ఒక్క నీటి అణువు ఉంటుంది, హైడ్రోజన్ బంధాలతో రెంటినీ కలిపి పట్టుకునేది అదే. దాన్ని దగ్గరగా చూసే డ్యూపాంట్ మెర్క్ అనే మందుల కంపెనీ వాళ్లు, ఆ నీటి స్థానంలో తన ఆక్సిజన్‌నే పెట్టే సైక్లిక్ యూరియా (వలయంలా ఉండే యూరియా రకం) అణువును డిజైన్ చేసి 1994లో ప్రచురించారు. ల్యాబ్‌లో అది గట్టిగా పట్టుకుంది. అయినా ఆ రకం అణువులేవీ మందుగా మార్కెట్లోకి రాలేదు. మోడల్ ఎంతవరకు చెబుతుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ తెలియదు.

ప్రోటీన్ కదలికలు కూడా చూడాలంటే మాలిక్యులర్ డైనమిక్స్ (అణువుల కదలికను అడుగడుగునా లెక్కించడం) చేయాలి. అందుకు గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఒక్కో అడుగు 2 ఫెమ్టోసెకన్లు (నానోసెకనులో పది లక్షల ఫెమ్టోసెకన్లు ఉంటాయి), అంటే ఒక్క నానోసెకనుకే 5 లక్షల అడుగులు, మామూలు ల్యాప్‌టాప్ మీద ఓపిక కావాలి. 1977లో 58 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను, చుట్టూ నీళ్లు కూడా లేకుండా, 9.2 పికోసెకన్లు (నానోసెకనులో వందో వంతు కూడా కాదు) నడపడమే పెద్ద విషయం. 2010కల్లా ఆంటన్ అనే ప్రత్యేక యంత్రం మీద అదే ప్రోటీన్‌ను ఒక మిల్లీసెకను (పది లక్షల నానోసెకన్లు) నడిపారు. 1977 నాటి పని చేసినవాళ్లలో ఒకరైన మార్టిన్ కార్‌ప్లస్‌కి, మరో ఇద్దరితో కలిపి, 2013లో నోబెల్ ఇచ్చింది కెమిస్ట్రీలోనే. మీ ఫ్రెండ్స్‌కి ఈ మాట చెప్పండి.

వీలైతే మీ బయోకెమిస్ట్రీ విభాగాన్ని, సమ్మేళనాలు ప్రోటియేజ్‌ను నిజంగా ఆపుతాయో లేదో చూసే ఎంజైమ్ పరీక్ష చేసిపెట్టమని అడగండి. మొదట వచ్చిన సమ్మేళనంతో పాటు అడుగున వచ్చినది కూడా ఒకటి ఇవ్వండి. ఎంజైమ్‌ను ఆ అడుగునదే ఎక్కువ ఆపిందంటే వైవాలో ముందుగా చెప్పాల్సింది ఆ సంగతే.