ఏడో హోల్ దగ్గర బంతి సముద్రంలోకే పోతోంది

ప్రశ్న: మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మా నాన్నగారు గోల్ఫ్ మానేశారు. తమ్ముడు కంప్యూటర్‌లో పెబుల్ బీచ్ (అమెరికాలో సముద్రం ఒడ్డున ఉన్న గోల్ఫ్ కోర్సు) ఉన్న గేమ్ పెట్టిచ్చాడు. రోజూ ఆడుతున్నారు. కానీ ఏడో హోల్ దగ్గర ఎదురుగాలి ఉంటే చాలు, బంతి సముద్రం పాలే. గాలి ఆపేసి ఆడమంటే ఒప్పుకోరు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: ఆయన ఒప్పుకోకపోవడం నాకు చాలా నచ్చిందమ్మా. గాలి తీసేస్తే ఆ హోల్‌లో ఇంకేముంది? 106 గజాలో ఏమో, పార్ 3, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోల్. టీ మీద, అంటే మొదటి షాట్ కొట్టే చోట నిలబడితే గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) కిందికి కనిపిస్తుంది. చిన్న గ్రీన్, చుట్టూ ఇసుక బంకర్లు, వెనక పసిఫిక్. గాలి లేని రోజు వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకు బంతిని పైకి లేపే క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) మెల్లగా వేస్తే సరిపోతుంది.

నాన్నగారు కూడా వెడ్జే తీస్తున్నారని నా అనుమానం. వెడ్జ్‌తో కొట్టిన బంతి బాగా పైకి లేస్తుంది, వెనక్కి గిర్రున తిరుగుతూ పోతుంది. ఎదురుగాలిలో ఆ స్పిన్నే దాన్ని ఇంకా పైకెత్తుతుంది. ముందుకు పోవాల్సిన ఊపు పైనే అయిపోతుంది. ఇక గాలి ఎటు తోస్తే అటు. నేను పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాను. కింద జెట్టీ మీద చొక్కా కదలని రోజు కూడా పైన క్యాబిన్‌కి గాలి గట్టిగా కొట్టేది. బంతి ఎంత పైకి పోతే అంత గాలి తింటుంది.

1992 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ చివరి రోజు ఆ హోల్‌లో పెద్ద గాలి. అమెరికా ఆటగాడు టామ్ కైట్ అంత చిన్న దూరానికి ఆరో నంబర్ ఐరన్ తీశాడు, మామూలుగా ఇంకా చాలా దూరం కొట్టడానికి వాడే క్లబ్! అయినా బంతి గ్రీన్‌కి ఎడమ పక్కకు పోయింది. అక్కడి నుంచి చిప్ చేస్తే, అంటే చిన్నగా లేపి వేస్తే నేరుగా హోల్‌లో పడింది, బర్డీ (పార్ కంటే ఒక షాట్ తక్కువ). ఆ టోర్నమెంట్ ఆయనే గెలిచాడు.

కాబట్టి తెర మీద గాలిని చూపించే బాణం గుర్తు తన వైపు తిరిగి, పక్కనున్న అంకె ఇరవై దాటితే వెడ్జ్ పక్కన పెట్టమనండి. ఏడో నంబర్ ఐరనో ఎనిమిదో నంబరో తీసి, సగం స్వింగ్‌తో బంతిని కిందుగా పంపాలి. గురి జెండా మీద కాదు, గ్రీన్ మధ్యకి. చిన్నప్పుడు నేను ఇక్కడే కేడీగా బ్యాగులు మోసేవాడిని. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవగానే పెద్దలు నాలుగు గడ్డిపరకలు పీకి వదిలి, చెట్ల చిటారు కొమ్మల వైపు చూసేవాళ్లు. ఆ తర్వాతే క్లబ్ అడిగేవాళ్లు. నాన్నగారికీ ఆ అలవాటు ఉండే ఉంటుంది. తెర మీద గడ్డిపరక ఉండదు, ఆ బాణమూ అంకే ఉంటాయి. క్లబ్ ముట్టుకోకముందే వాటిని చూడాలి.

ఏడు దాటాక ఎనిమిదో హోల్‌లో రెండో షాట్ సముద్రం పక్క కొండ అంచు మీదుగా అవతలికి కొట్టాలి. అక్కడికి చేరిన రోజు నాన్నగారినే ఉత్తరం రాయమనండి.