ఫౌజు మీద రాయాలనుకున్న అమ్మాయికి

విజయవాడ

చి॥ అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన రాతప్రతి అందింది. మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దారుగా చేసిన మీ తాతగారి జీవితాన్ని పట్టుకుని మూడు దళాల చరిత్ర, ఆచారాలు చెప్పాలన్న ఆలోచన నచ్చింది. రాసిన తీరు మాత్రం నచ్చలేదు, దాచుకోవడమెందుకు. మొదటి అధ్యాయంలోనే తాతగారి రక్తం మూడుసార్లు మరిగింది. ఆయన ఒక్కపూట అన్నం తిన్నట్టు మాత్రం ఎక్కడా లేదు! సిపాయి బతుకులో తుపాకీ పేలే రోజులు తక్కువ. బూట్లు పాలిష్ కొట్టుకోవడం, రోల్‌కాల్‌కి నిలబడటం, లంగర్ (సైనికుల వంటశాల) దగ్గర ప్లేటు పట్టుకుని లైను కట్టడం, లీవు దొరుకుతుందా లేదా అని టెన్షన్ పడటం, ఇవే ఎక్కువ. ముందు అవి రాయి.

ఆచారాలన్నీ వరసగా పేర్చావు గానీ ఒక్కటీ ఎందుకు వచ్చిందో అడగలేదు. సెల్యూట్ సంగతే చూడు. ఆర్మీలో అరచెయ్యి మొత్తం ఎదుటివాడికి కనిపించాలి; చేతిలో ఆయుధం లేదని చూపించడం నుంచి వచ్చిందంటారు. నేవీలో అరచెయ్యి కిందికి తిరిగి ఉంటుంది. తెరచాప ఓడల కాలంలో తారు, తాళ్ల మురికి అంటిన చెయ్యి అధికారికి చూపించడం మర్యాద కాదని అలా వచ్చిందని నావికులు చెప్పుకుంటారు. ఎయిర్‌ఫోర్స్ 2006 నుంచి ఆ రెండింటికీ మధ్యగా, 45 డిగ్రీల వాలులో చెయ్యి పెడుతోంది. నీ కథలో నేవీ మామయ్య అరచెయ్యి చూపించి సెల్యూట్ కొట్టాడు. విశాఖ పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు.

హోదాలు కూడా అంతే. ఆర్మీ కెప్టెన్ అంటే ఇంకా కుర్రాడే. నేవీ కెప్టెన్ ఆర్మీ కల్నల్‌తో సమానం, పెద్ద యుద్ధనౌక అప్పగించే మనిషి. నువ్వు వాళ్లిద్దరినీ ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని తిరిగే స్నేహితుల్ని చేశావు.

జనవరి 15 ఆర్మీ డే గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు. 1949లో ఆ రోజు కరియప్ప బ్రిటిష్ జనరల్ బుచర్ చేతుల్లోంచి సైన్యాధిపత్యం తీసుకున్నారు. మరి వైమానిక దళానికి మనవాడు అధిపతి కావడానికి 1954 దాకా ఎందుకు పట్టింది? నౌకాదళానికి 1958లో కటారి వచ్చేదాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? కరియప్ప 1919లోనే అధికారి అయ్యారు. మిగతా రెండు దళాల్లో మనవాళ్లను అధికారులుగా చేర్చుకోవడమే ఆలస్యం, వైమానిక దళం పుట్టిందే 1932లో. సీనియారిటీ లేనివాళ్లకు కుర్చీ ఎవరిస్తారు? చరిత్ర ఇలాంటి సర్వీసు లెక్కల్లో కూడా ఉంటుందమ్మా.

ఇంకొకటి. నేవీ డేని విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినందుకు జరుపుకుంటారని రాశావు. డిసెంబర్ 4 వేడుక మన మిసైల్ బోట్లు 1971లో కరాచీ మీద చేసిన దాడి గుర్తుగా. ఘాజీ అంతకు ముందు రాత్రి, 3, 4 తేదీల మధ్య పేలిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, లోపలే ఏదో పేలిందనో, అది పెట్టిన మందుపాతరే దానికి తగిలిందనో పాకిస్తాన్ వాళ్లు చెబుతారు. రెండూ రాయి. అందులో 90 మందికి పైగా పోయారు, ఆ మాట కూడా వదలకు.

ఇప్పుడు అసలు చిక్కు. మద్రాస్ రెజిమెంట్ మూలాలు 1758లో ఉన్నాయి. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందు దాదాపు రెండు వందల ఏళ్లు ఎవరి కోసం పోరాడినట్టు? దాని చిహ్నంలోని ఏనుగు 1803 అస్సాయే యుద్ధం నుంచి వచ్చింది, అది ఈస్టిండియా కంపెనీ మరాఠాలను ఓడించిన యుద్ధం. నువ్వు ఏనుగును 'గజబలం' అని పొగిడి ముందుకెళ్లిపోయావు. అక్కడే ఆగాలి. ఒక ఆదివారం బందరు బస్సెక్కి కోట శిథిలాలు చూసిరా. 1759 ఏప్రిల్ 7 రాత్రి కంపెనీ సేనాని కల్నల్ ఫోర్డ్ ఆ కోటను ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకున్నాడు. లోపల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర ఇతనికంటే ఎక్కువ మంది తెల్ల సైనికులున్నారు, వాళ్లకు సాయంగా నిజాం సలాబత్ జంగ్ సైన్యం మన బెజవాడ దాకా వచ్చేసింది. మందుగుండు అయిపోతోంది. అంతకుముందే ఫోర్డ్ తెల్ల సైనికులు డబ్బు అందలేదని తిరగబడితే, కొల్లసొమ్ములో వాటా ఇస్తానని బుజ్జగించాల్సి వచ్చింది. చుట్టూ బురద, సముద్రపు పోటు తగ్గిన వేళ దాడి. ఆ గోడ ఎక్కినవాళ్లలో దేశీ సిపాయిలూ ఉన్నారు. వాళ్లకు దేశద్రోహులని ముద్ర వేయకు, వీరులని దండా వేయకు. నెల జీతం, కడుపు నిండా తిండి, పక్కవాడి ముందు పరువు పోకూడదన్న పంతం, వీటితో నిలబడ్డ మనుషులుగా రాయి. మీ తాతగారు కూడా మొదట ఉద్యోగం కోసమే భర్తీకి వెళ్లి ఉంటారు. అడిగి చూడు, సిగ్గుపడకుండా చెబుతారు.

దాడికి వెళ్లేటప్పుడు ఆయన 'వీర మద్రాసీ, అడి కొల్లు' (వీర మద్రాసీ, కొట్టు, చంపు) అని అరిచి ఉంటారు. నువ్వేమో అచ్చ తెలుగులో పద్యం పాడించావు! ఒక సెక్షన్‌లో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లు కలిసి ఎలా బతికారో, హిందీ ఆర్డర్లకు ఎలా అలవాటు పడ్డారో రాస్తే ఒక అధ్యాయం అవుతుంది. బారాఖానా రోజున అధికారులూ జవాన్లూ కలిసి తినేవాళ్లు కదా, అప్పుడు ఏం వడ్డించేవాళ్లో తెలుసుకో.

మీ ఇంట్లో అటక మీద నల్ల ట్రంకు పెట్టె ఉండి ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, హోదా, పేరు, ఆ వరసలోనే. దాన్ని దింపించు. డిశ్చార్జి బుక్కులో ఏ ఏడు ఎక్కడున్నారో ఉంటుంది. ముందు ఆ తేదీలు కాపీ చేసుకుని, తర్వాత మాటల్లో పెట్టు. ధైర్యసాహసాల గురించి ప్రశ్నలు వేస్తే రేడియోలో విన్న జవాబులే వస్తాయి. చలికి నీళ్లు గడ్డకట్టినప్పుడు గడ్డం ఎలా గీసుకున్నారని అడుగు. మీ అమ్మమ్మను వేరేగా కూర్చోబెట్టి, మనియార్డర్ ఆలస్యమైన నెలల్లో ఇల్లెలా నడిపిందో అడుగు. ఇద్దరూ ఒకచోట ఉంటే తాతగారే మాట్లాడతారు.

రెండో ప్రతి సంక్రాంతి లోపు పంపు. ఈసారి ఒకవైపే రాయి, దిద్దుబాట్లకు చోటు కావాలి.

ఇట్లు,
పెదనాన్న